తిన్నదెంత, ఒంటబట్టిందెంత?

సంపాదకులకు నమస్కారం.

ఏ ఆకుకూరలో ఇనుము ఎంత, ఏ చేపలో కాల్షియం ఎంత అంటూ పత్రికల ఆరోగ్య పేజీల్లో పట్టికలు వస్తూనే ఉంటాయి. అవి తప్పని మేము అనడం లేదు. అయితే అవన్నీ కంచంలో ఉన్నవాటి అంకెలు. పేగు గోడ దాటి నెత్తురులో కలిసేది ఎంత అన్నది వేరే లెక్క, దాని జోలికి ఎవరూ పోవడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. కాలవల కింద రెండు పంటలు, చెరువులో చేప, పెరట్లో మునగ, జామ, కొబ్బరి ఉన్న గోదావరి డెల్టాలో కూడా గర్భిణుల రక్త పరీక్ష చీటీల్లో హిమోగ్లోబిన్ ఎనిమిది, తొమ్మిది గ్రాములే కనబడుతోందంటే, తిండి చాలక అని సరిపెట్టుకోవడం కుదరదు. తిన్నది లోపల ఏమవుతోందో చూడాలి.

ముద్ద నోట్లో పడగానే పని మొదలవుతుంది. రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులోని అమైలేజ్ అన్నంలోని పిండిని విరగ్గొడుతుంది. అన్నాన్ని కాసేపు నమిలితే తియ్యబడేది అందుకే. పొట్టలోకి దిగాక హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ కలిసి మాంసకృత్తుల పని పడతాయి. మామూలు భోజనం రెండు నుంచి నాలుగు గంటల్లో పొట్ట దాటుతుంది. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. కొవ్వు చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి దిగగానే అక్కడ పుట్టే హార్మోన్లు ‘కాస్త ఆగు’ అని పొట్టకు కబురు పెడతాయి. పెళ్లి భోజనం తిన్న రోజు రాత్రి ఆకలి వేయకపోవడం ఇందువల్లే. అది జబ్బు కాదు, దానికి మాత్ర అక్కర్లేదు. భోజనం మధ్యలో గ్లాసుడు నీళ్లు తాగితే జఠరాగ్ని చల్లారిపోతుందన్న మాట కూడా నిలవదు. పొట్ట గోడ అవసరాన్ని బట్టి ఆమ్లాన్ని ఊరిస్తూనే ఉంటుంది.

అసలు పని చిన్నపేగులో జరుగుతుంది. మొదటి పాతిక సెంటీమీటర్లు ఆంత్రమూలం. క్లోమగ్రంథి నుంచి రోజుకు లీటరున్నర రసం అక్కడికే వస్తుంది. అందులోని బైకార్బొనేట్ ఆమ్లం ఘాటు తగ్గిస్తుంది, ఎంజైములు పిండినీ మాంసకృత్తులనూ కొవ్వునూ ముక్కలు చేస్తాయి. పైత్యరసంలో ఎంజైములు ఉండవు. కొవ్వును సన్నని తుంపరలుగా విడగొట్టి క్లోమరసానికి అందించడమే దాని పని. ఏళ్ల తరబడి తాగుడు వల్ల క్లోమగ్రంథి దెబ్బతిన్నవాళ్లకు జిడ్డుగా, నీళ్లలో తేలే విరేచనం అవుతుంది. ఎంత తిన్నా చిక్కిపోతుంటారు. దాన్ని ఉత్త అజీర్తి అనుకుని ఏళ్లు గడిపేయడం చూస్తూనే ఉన్నాం.

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. ముడతలు, ముడతల మీద అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు పొడవున్న ఆంత్ర చూషకాలు, ఒక్కో చూషకం మీది కణాలకు మళ్లీ సూక్ష్మమైన నూగు. ఈ ఏర్పాటు వల్ల పేగు వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని పుస్తకాల్లో చదువుకున్నాం, పిల్లలకూ అదే చెబుతున్నాం. ఇటీవలి కొలతల్లో అది 30 చదరపు మీటర్ల చుట్టుపక్కలే తేలింది. అంతైనా తక్కువేమీ కాదు, రెండు గదుల నేలంత ఉంటుంది. ఈ గోడ మీది కణాలు మూడు నుంచి అయిదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. చక్కెరలు, అమినో ఆమ్లాలు, నీళ్లలో కరిగే విటమిన్లు రక్తనాళాల ద్వారా నేరుగా కాలేయానికి చేరతాయి. కొవ్వూ, దానితో వచ్చే ఏ, డి, ఇ, కె విటమిన్లూ ముందు శోషరస నాళాల్లోకి వెళ్లి, అక్కణ్ణుంచి నెత్తురులో కలుస్తాయి. కాబట్టి మునగాకు గానీ తోటకూర గానీ ఉత్త నీళ్లలో ఉడికించి తింటే అందులోని కెరోటిన్ చాలావరకు మలంతోనే పోతుంది. మనిషికి ఒక చెంచా నూనె, అంటే సుమారు అయిదు గ్రాములు, తాలింపులో పడితే చాలు.

ఇక ఇనుము. చేప, మాంసం, కాలేయంలో ఉండే ఇనుములో కొంత భాగం హీమ్ రూపంలో ఉంటుంది, అది 15 నుంచి 35 శాతం దాకా ఒంటబడుతుంది. ఆకుకూరలు, పప్పులు, గింజల ఇనుము అలా కాదు. కలిసి తిన్న పదార్థాన్ని బట్టి 2 నుంచి 10 శాతం మధ్య ఊగుతుంటుంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని చెప్పాయి. అందులో 8 శాతమే లోపలికి పోతుందన్న అంచనా మీద పెట్టిన అంకె అది. అంటే ఒంటికి నిజంగా అందాల్సింది రెండు మిల్లీగ్రాముల పైచిలుకు మాత్రమే. ఆ రెండూ అందడానికి ఇరవై తొమ్మిది తినాలి.

ఈ 8 శాతాన్ని సగానికి కోసేది టీ. ఉదయం హోటల్లో పెసరట్టు ఉప్మా తిని, ఆ చేత్తోనే టీ గ్లాసు అందుకోవడం మన ఊళ్లలో మామూలే. టీలోని టానిన్లు, ఇతర పాలిఫినాల్స్ ఇనుమును పట్టుకుని పేగు పీల్చుకోలేని ముద్దగా మారుస్తాయి. తిండితో పాటు తాగిన టీ, శాకాహారపు ఇనుము శోషణను సగానికి పైగా తగ్గించగలదు. కాఫీ దెబ్బ కొంచెం తక్కువే గానీ, భోజనం అయిన గంటకు తాగినా దాని ప్రభావం కనబడుతుంది. టిఫినుకు గంట ముందు తాగితే మాత్రం ఇబ్బంది లేదు. టీ మానేయమని చెప్తే గోదావరి జిల్లాల్లో వినేవాళ్లుండరు, మేమూ ఆ సలహా ఇవ్వం. పొద్దున లేవగానే తాగండి, లేదా తిన్నాక గంటన్నర ఆగి తాగండి. పొలం పనుల్లో పదింటికి వచ్చే టీ, మధ్యాహ్నం నాలుగింటి టీ ఏ హానీ చేయవు. సద్ది తిన్న వెంటనే పోసేదే చెరుపు.

దీనికి విరుగుడూ మన పెరట్లోనే ఉంది. భోజనంతో పాటు 25 నుంచి 50 మిల్లీగ్రాముల విటమిన్ సి పడితే ఇనుము శోషణ రెండు మూడింతలు అవుతుంది. వంద గ్రాముల జామకాయలో ఆ విటమిన్ సుమారు రెండు వందల మిల్లీగ్రాములు ఉంటుంది, కాబట్టి పావు కాయ ముక్క సరిపోతుంది. పచ్చి ఉసిరికాయలో అంతకన్నా ఎక్కువే. నిమ్మకాయ ఒకటి పిండితే వచ్చేది పది పదిహేను మిల్లీగ్రాములే అయినా ఏమీ లేనిదానికన్నా నయం. పప్పు ఉడుకుతుండగా పిండితే అదీ మిగలదు, పొయ్యి మీంచి దింపి, వేడి తగ్గాక పిండాలి. పండును భోజనం అయ్యాక సాయంత్రం ఎప్పుడో తింటే ఇనుముకు ఉపయోగం లేదు, అదే పూట తినాలి.

చేపకు ఇంకో గుణం ఉంది. తన ఇనుము తాను ఇవ్వడమే కాక, పక్కనున్న అన్నం, ఆకుకూరల ఇనుమును కూడా లోపలికి తోడుకుపోతుంది. అందుకని ఇంట్లో ఉన్న కాసిని ఎండు రొయ్యలు విడిగా వేపుడు చేసుకునే బదులు తోటకూరలోనో, గోంగూరలోనో వేసి వండటం తెలివైన పని.

గింజల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్ కూడా ఇనుమునూ జింకునూ పట్టి ఉంచుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఈ మూడూ దాన్ని తగ్గిస్తాయి. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసినప్పుడు జరిగేది ఇదే. రాగుల్లో ఇనుము ఉందని జావ తాగేవాళ్లు ఆ రాగుల్ని ఒక రాత్రి నానబెట్టి, మూట కట్టి మొలకలు వచ్చాక ఎండబెట్టి పట్టించుకుంటే ఒంటబట్టేది పెరుగుతుంది.

రేషన్ బియ్యంలో కలిపి ఇచ్చిన ఫోర్టిఫైడ్ గింజల గురించి ఒక మాట. కేజీకి పది గ్రాముల చొప్పున కలిపే ఈ గింజలు బియ్యప్పిండిలోనే ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యం ఆకారంలో ఒత్తినవి. కాస్త పసుపుగా ఉండి, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి. ‘ప్లాస్టిక్ బియ్యం’ అని వాటిని చేటలో ఏరి పారేస్తున్న ఇళ్లు ఎన్నో. పారేస్తున్నది పోషకాల గింజల్నే. ఈ బియ్యాన్ని నాలుగైదు నీళ్లు కడగకుండా, గంజి వార్చకుండా, అత్తెసరు పెట్టుకుంటే నష్టం తక్కువ. వాటిలో ఇనుము కోసం సాధారణంగా వాడే ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ అంత సులువుగా ఒంటబట్టే రకం కాదు గనక పైన చెప్పిన జామ, నిమ్మ సలహా దీనికీ వర్తిస్తుంది. తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తినాలి. గంజి వార్చడం వల్ల మామూలు బియ్యానికీ నష్టమే. తెల్లగా మర పట్టిన బియ్యంలో మిగిలే కొద్దిపాటి బి1 విటమిన్ గంజితో పోతుంది. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే బి1 లోపపు జబ్బు ప్రబలడానికి, ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో అంతగా లేకపోవడానికి తేడా అక్కడే ఉంది.

కాల్షియం సంగతికి వస్తే, పులస ఎంత ఖరీదైనదైనా ముల్లు తీసి పక్కన పెడతాం. చేపలో కాల్షియం ఉండేది ముల్లులో. మెత్తళ్లు, చిన్న పరిగెలు, కార్తీకంలో వచ్చే చీరమీను ముల్లుతో సహా నమిలి మింగుతాం. ఆ లెక్కన గుప్పెడు మెత్తళ్లు పులస ముక్క కన్నా ఎముకలకు మేలు. కంద బచ్చలి కూర మన పెళ్లిళ్లకు ముఖ్యమైనదే, రుచిని తప్పుపట్టలేం గానీ కాల్షియం కోసం అయితే దాన్ని నమ్ముకోవద్దు. కందలోనూ బచ్చలిలోనూ ఆక్సలేట్ ఎక్కువ, అది కాల్షియాన్ని కట్టేస్తుంది. గోంగూరదీ అదే తీరు. కాల్షియం అందించే పని పెరుగు, మజ్జిగ బాగా చేస్తాయి. పాలు తాగితే కడుపు ఉబ్బేవాళ్లకు కూడా పెరుగు పడుతుంది. పెద్దయ్యాక చాలామందికి పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ తగ్గిపోతుంది, పెరుగులోని సూక్ష్మజీవులు ఆ పనిని కొంత చేసిపెడతాయి.

విరేచనాల విషయంలో డెల్టాలో జరిగే పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. రోజూ పేగుల్లోకి చేరే ద్రవం సుమారు తొమ్మిది లీటర్లు. మనం తాగేదీ తిండిలోదీ కలిపి రెండు లీటర్లైతే, మిగతా ఏడూ శరీరం తానే స్రవించినవి. అందులో మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. మిగిలినదంతా తిరిగి పీల్చుకోవాలి. కాలవలు కట్టేసిన వేసవి నెలల్లో నిలవ నీళ్లు తాగి జబ్బు పడినప్పుడు ఈ పీల్చుకోవడం చెడుతుంది, గంటల్లో మనిషి వాడిపోతాడు.

అప్పుడు కోనసీమలో చేతికందేది కొబ్బరి బొండం. దాహానికి అది మంచిదే. కానీ చిన్నపేగు కణాల్లో గ్లూకోజూ సోడియమూ జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. విరేచనాలు ఎంత తీవ్రంగా ఉన్నా ఈ దారి సాధారణంగా చెడదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా, సోడియం చాలా తక్కువగా ఉంటుంది. కాబట్టి అది ఓఆర్ఎస్‌కు, అంటే విరేచనాల్లో తాగించే ఉప్పు, గ్లూకోజు ద్రావణానికి, బదులు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, రెండూ గోపురం లేకుండా సమంగా కొట్టి కలపాలి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలపడం, లేదా ‘పిల్లాడు తాగడం లేదు’ అని ఇంకో రెండు చెంచాల పంచదార వేయడం రెండూ ప్రమాదమే. పంచదార ఎక్కువైతే ఒంట్లోని నీళ్లే పేగులోకి లాగేస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. ఓఆర్ఎస్ అన్న పేరు పెట్టి అమ్మిన తియ్యటి పానీయాలతో వచ్చిన చిక్కు కూడా ఇదే. ఆ పేరు వాడకూడదని ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు దీనితో పాటు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు, అంతకన్నా చిన్నవాళ్లకు 10 మిల్లీగ్రాములు. రెండు రోజులకే విరేచనాలు ఆగాయని ఆ మాత్రలు పక్కన పడేయకూడదు.

లంకణం పరమౌషధం అని తిండి ఆపడం ఇక్కడ చెరుపే చేస్తుంది. పేగు కణాలు చాలావరకు తమ పక్క నుంచి పోయే ఆహారం నుంచే బలం తీసుకుంటాయి. తిండి లేకపోతే రాలిన చూషకాలు తిరిగి లేవడం ఆలస్యమవుతుంది. తల్లిపాలు ఆపకూడదు, పెరుగన్నం, జావ, చక్కెరకేళి పండు, మెత్తటి పప్పన్నం కొద్దికొద్దిగా పెడుతూ ఉండాలి.

చూషకాలు దీర్ఘకాలం దెబ్బతింటే ఏమవుతుందో చెప్పడానికి మన గడ్డ మీద పుట్టినవాడి కథే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదువుకునే రోజుల్లో ఉష్ణమండల స్ప్రూ అనే పేగు జబ్బుతో మంచం పట్టారు. ఆయన తోబుట్టువును బలిగొన్నది కూడా ఆ జబ్బే. స్ప్రూలో చిన్నపేగు పైభాగం చూషకాలు చదునైపోతాయి, ఫోలిక్ ఆమ్లం పీల్చుకోవడం దెబ్బతింటుంది, నెత్తురు పాలిపోతుంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, స్ప్రూ రోగులకు అది మందయింది. ఇవాళ గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండే 500 మైక్రోగ్రాముల పదార్థం అదే.

ఫోలిక్ ఆమ్లం ఒక్కటే చాలదు. బి12 దారి ఇంకా పొడుగు. ఆ విటమిన్ పాలు, గుడ్లు, చేప, మాంసంలో మాంసకృత్తులకు అతుక్కుని ఉంటుంది. పొట్టలోని ఆమ్లం, పెప్సిన్ దాన్ని విడదీయాలి, పొట్ట గోడలోనే పుట్టే ‘ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్’ దాన్ని పట్టుకోవాలి, చిన్నపేగు చివర్లో గానీ అది లోపలికి పోదు. ఈ దారికి మొదట్లోనే అడ్డం పడేది గ్యాస్ మాత్ర. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ మంచి మందులే. పుండుకో, ఆమ్లం పైకి తన్నడానికో నాలుగు నుంచి ఎనిమిది వారాలు, పరగడుపున తిండికి అరగంట ముందు వేసుకోవాల్సినవి. చీటీ లేకుండా మందుల దుకాణంలో కొని ఏళ్ల తరబడి మింగితే బి12, ఇనుము, మెగ్నీషియం తగ్గుతాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బి12 ఇంకో పక్కనుంచి తగ్గుతుంది. రెండూ కలిపి వాడుతూ అరికాళ్లు తిమ్మిర్లెక్కి మండుతుంటే ‘షుగరు నరాలు’ అని వదిలేయకుండా బి12 పరీక్ష చేయించాలి. అక్కడ ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాల నష్టం మాత్రం సాగిపోతుంది. ఏ మాత్రైనా సొంతంగా ఆపవద్దు, డాక్టరును అడిగి తగ్గించుకోండి.

చివరిగా, ఆశా కార్యకర్తలూ అంగన్‌వాడీ సిబ్బందీ పంచే మాత్రల గురించి. గర్భిణులకు రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దానితో పాటు కాల్షియం మాత్రలూ ఇస్తారు, రెంటినీ ఒకేసారి మింగితే కాల్షియం ఇనుముకు అడ్డు పడుతుంది. కాల్షియం భోజనంతో, ఇనుము రాత్రి భోజనం అయిన రెండు గంటలకు నిమ్మరసంతో వేసుకుంటే గొడవ ఉండదు. పాలతో గానీ టీతో గానీ వద్దు. మలం నల్లగా అవుతుంది, అది ఒంటబట్టని ఇనుమే, భయపడి మానేయవద్దు. నిన్న మరిచిపోయామని ఇవాళ రెండు వేసుకోవడం వల్ల రెట్టింపు రాదు. ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచి, మరుసటి రోజు దాకా పేగు తలుపును కొంత మూసేస్తుంది.

చెప్పుల్లేకుండా తడి నేలల్లో, కాలవ గట్ల మీద తిరిగేవాళ్లకు కొంకి పురుగులు పాదాల చర్మంలోంచే లోపలికి పోయి పేగు గోడను పట్టుకుని నెత్తురు తాగుతాయి. పిల్లలకు బడిలో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను నమిలి మింగాలి, ఏడాది దాటి రెండేళ్ల లోపున్న వాళ్లకు సగం. గర్భిణులైతే మొదటి మూడు నెలలు దాటాక, వైద్యులు చెబితేనే.

నెల రోజులు మాత్రలు సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగలేదంటే, మాత్రల సంఖ్య పెంచేయకూడదు. మాత్ర దేనితో, ఎప్పుడు వేసుకుంటున్నారో ముందు అడగాలి. ఆ పైన నులిపురుగులు, అధిక నెలసరి, మొలల నెత్తురు, గ్యాస్ మాత్రల వాడకం, బి12, తలసీమియా లక్షణం వరుసగా చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కార్డు మీద ఆ ప్రశ్నలకు ఒక గడి ఉంటే బాగుంటుంది.

— శరీరధర్మశాస్త్రం, పోషకాహార శాస్త్రం బోధించే అధ్యాపకులు,
అమలాపురం